దారి తప్పిన బాలురకు శిక్షయా, శిక్షణయా?

చదువు మానివేసి, పని దొరకక, వీధుల వెంట తిరుగు బాలురను గూర్చి మన పెద్దలు మాటలాడుకొనునపుడు తరచుగా వినబడు మాట యొకటి కలదు: "నాలుగు తగిలించిన గాని బుద్ధి రాదు." ఈ మాటను మేము అంగీకరింపజాలము. చెరకు తోటలలో మన తాతముత్తాతలు సర్దారుల దెబ్బలు తినినవారే. ఆ దెబ్బలు వారికి భయమును నేర్పినవి గాని బుద్ధిని నేర్పలేదు. బుద్ధిని వారు భజన మందిరములలోను, పురాణ కాలక్షేపములలోను తామే సంపాదించుకొనిరి.

బాలురను దిద్దుటకు వేరొక మార్గము కలదని చూపుటకై అమెరికా దేశమున జరిగిన యొక ప్రయత్నమును పాఠకులకు విన్నవించుచున్నాము.

1975లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాంటా రోజా పట్టణమున బోనీ బెర్గిన్ అను నామె, అంగవైకల్యము గలవారికి తోడ్పడు కుక్కలను తయారుచేయు సంస్థను స్థాపించిరి. క్రిందపడిన వస్తువును తీసియిచ్చుట, తలుపు తెరచుట, దీపపు మీట నొక్కుట మొదలగు పనులను అట్టి కుక్కలు నేర్చును. 1981లో వాషింగ్టన్ రాష్ట్రపు స్త్రీల చెరసాలలో, పాలీన్ క్విన్ అను నామె చొరవవలన, ఖైదీలే కుక్కలకు శిక్షణ నిచ్చుట ప్రారంభమయ్యెను. 1993లో ఆరెగాన్ రాష్ట్రమున వుడ్‌బర్న్ పట్టణమందలి మాక్లారెన్ బాలనేరస్థుల దిద్దుబాటుశాలలో జోన్ డాల్టన్ అను నామె దిక్కులేని కుక్కలను తెప్పించి బాలుర చేతి కప్పగించిరి. బాలుడు కుక్కకు తిండి పెట్టి, ఒడలు శుభ్రపరచి, మాట వినుట నేర్పి, పిదప దానిని పెంచుకొనదలచిన కుటుంబమునకు ఇచ్చివేయవలెను. వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున రిక్ యౌంట్ అను సంఘసేవకుడు, చెడుదారి పట్టు ప్రమాదమున్న బాలబాలికలచేతనే వికలాంగుల కుక్కలకు శిక్షణ యిప్పించెను. 2008లో ఆయన కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున, యుద్ధమువలన మనసు గాయపడిన మాజీ సైనికులకు అదే పనిని అప్పగించెను.

ఈ పనిలో గుణమేమి? కొట్టిన కుక్క దాగికొనును, లేదా కరచును, పని నేర్వదు. మంచిపని చేసిన క్షణముననే మెచ్చుకోలును, చిన్న తినుబండారమును ఈయవలెను. ప్రతిదినము అదే మాటను, అదే స్వరముతో పలుకవలెను. నేడు కోపము, రేపు ముద్దు అయినచో కుక్కకు ఏమియు బోధపడదు. కావున కుక్కకు నేర్పదలచిన బాలుడు ముందుగా తన కోపమును అదుపులో నుంచుకొనవలెను. మరియు, నెలల తరబడి పెంచిన కుక్కను తనకంటె అక్కరగలవారికి అర్పించినపుడు, అంతవరకు శిక్షలను మాత్రమే పొందినవాడు దాత యగుచున్నాడు.

ఇందువలన ఎల్లవారును బాగుపడుదురని మేము చెప్పము. మాక్లారెనులో ఈ పని చేసిన బాలురు మరల నేరములకు దిగలేదని 2000లో పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయపు పరిశోధన యొకటి తెలిపినది. అయితే ఆ బాలురు కొద్దిమందియే. ఫలితమంతయు కుక్కలదేయని తేల్చుట తగదు. ఓర్పుగల శిక్షకుడు దగ్గర లేనిచో బాలునికిని కుక్కకును గూడ హాని కలుగవచ్చును.

కుక్క యనగా నీచజంతువని కొందరనవచ్చును. భారతము చివర ధర్మరాజు వెంట నడచిన కుక్కను మనమందరము ఎరుగుదుము. మొదట దెబ్బలు తినిన కుక్కపిల్లను అంతగా తలపము. జనమేజయుని యాగశాల దరికి వచ్చిన సరమ కుమారుని, ఏ తప్పును చేయకున్నను, రాజు తమ్ములు కొట్టిరి. తల్లి వచ్చి కారణమడిగినపుడు వారియొద్ద జవాబు లేదు. మన వీధులలో తిరుగు బాలుర తల్లులు అట్లే అడిగినచో మనమేమి చెప్పగలము?

మన సంఘమువారు పశువైద్యునితోను, పాఠశాల ప్రధానోపాధ్యాయునితోను ఆలోచించి, నలుగురైదుగురు బాలురకు వీధికుక్కల సంరక్షణ నప్పగించి, ఒక సంవత్సరము చూడవలెనని మా మనవి. ఖర్చు స్వల్పము. కావలసినది ఆ బాలురయెడ పెద్దల నమ్మకము.