బియ్యం ఆగిపోతే ఎవరు వస్తారు?

పోస్టు పెద్దది. ఓపిక ఉన్నవాళ్ళు చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే పూర్తిగా చదివాక తిట్టండి, పడతాను.

పోయిన శనివారం కమిటీ మీటింగ్ జరిగింది. వార్షికోత్సవానికి చర్చి గేటు మీద ఆర్చి కట్టి, పక్కనే పాలరాయి పెట్టి, దాని మీద పెద్దల పేర్లు చెక్కించాలన్నది విషయం. ఎవరి పేరు పైన రావాలి, ఎవరి పేరు కింద రావాలి అన్నదాని మీద రెండున్నర గంటలు మాట్లాడుకున్నాం. ఇద్దరు లేచి వెళ్ళిపోతే బతిమాలి వెనక్కి తీసుకొచ్చాం. చివర్లో "ఎవరైనా చిన్న ప్రార్థన చేసి ముగించండి" అన్నారు. నేనే చేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఇంటికొచ్చి పడుకున్నాక ఆలోచిస్తే, ఆ అర నిమిషంలో నేను దేవునితో ఏమన్నానో నాకే గుర్తు రాలేదు. పాలరాయి మీద నా పేరు నాలుగోది అన్నది మాత్రం బాగా గుర్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఎవరినో వేలెత్తి చూపడానికి కాదు. పదకొండేళ్ళు ఈ అసోసియేషన్ ట్రెజరర్‌గా ఉన్నవాణ్ణి, మొదటి వేలు నా వైపే. కానీ మాట సూటిగా చెప్తాను. మనం దేవుణ్ణి వెతకడం మానేశాం. దేవుని చుట్టూ ఉన్నవాటిని వెతుకుతున్నాం. మన పిల్లలు చర్చికి దూరమవుతున్నది భాష రాక కాదు, ఈ సంగతి వాళ్ళు కనిపెట్టేశారు కాబట్టి.

మా తమ్ముడి కొడుకు కాలేజీలో చదువుతున్నాడు. ఏడాదిగా మన తెలుగు ఆరాధనకు రావడం లేదు, ఇంగ్లీషు చర్చికి పోతున్నాడు. మొన్న కూర్చోబెట్టి అడిగాను. "ఒరేయ్, మీ తాత వ్యాసర్పాడిలో ఇంటింటికీ తిరిగి కానుక పోగుచేసి కట్టించిన చర్చి అది. నువ్వు రాకపోతే ఎట్లా?" అన్నాను. వాడు చాలా మర్యాదగానే అడిగాడు. "పెదనాన్నా, మీరు నన్ను దేవుని దగ్గరికి రమ్మంటున్నారా, మన చర్చిలో తల లెక్కకు రమ్మంటున్నారా?" నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

ఇప్పుడు మన పెద్దల సంగతి ఒకటి గుర్తు చేస్తాను. చెన్నైలో ఉన్న మన కుటుంబాల్లో చాలావరకు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవే. ఆ వైపు మన విశ్వాసం ఎట్లా మొదలైందో పిల్లలకు చెప్పడం మానేశాం.

1854 జనవరి 1న, తెల్లవారకముందే, జూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గర కొండెక్కి ప్రార్థన చేశారు. అప్పటికి అమెరికాలో వాళ్ళ మిషన్ పెద్దలు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని ఆలోచిస్తున్న రోజులు. చేతిలో ఏమీ లేదు, చూసేవాళ్ళు లేరు, ఫోటో తీసేవాళ్ళు లేరు.

తర్వాత 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. ఆ రోజుల్లోనే యెర్రగుంట్ల పేరయ్య గారు, చర్మాల వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి, బాప్తిస్మం తీసుకున్నారు. ఏ దొరా రాకముందే ఆయన దేవుడి కోసం గురువుల దగ్గరికి తిరిగి రాజయోగం నేర్చుకున్న మనిషి. ఆయనకు ఎవరూ బియ్యం ఆశ చూపించలేదు. ఆయన వెతికాడు, దొరికాడు.

అసలు సంగతి ఆ తర్వాతది. 1876-78లో పెద్ద కరువు వచ్చింది. ధాత కరువు అంటారు. జనం పిట్టల్లా రాలిపోతుంటే క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమందికి కూలి దొరికింది, గంజి దొరికింది. పనిచేసేవాళ్ళ మధ్య వాక్యం చెప్పేవాళ్ళు కూడా తిరిగారు. బాప్తిస్మం ఇవ్వమని గుంపులు గుంపులుగా అడిగారు. ఇంకొకరైతే ఏం చేసేవారు? లెక్క పెంచుకుని అమెరికాకు ఉత్తరం రాసేవారు. క్లౌ గారు పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. పని ఆపలేదు, కూలి ఆపలేదు, బాప్తిస్మమే ఆపారు. కడుపు కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో కరువు పోయాక తేలుతుంది అనుకున్నారు.

కరువు సాయం ముగిసింది. ఇక ఇచ్చేది లేదు, వెళ్ళిపోండి అన్నా జనం వెళ్ళలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మనం వార్షికోత్సవాల్లో గొప్పగా చెప్పుకుంటాం. దాని ముందున్న పదిహేను నెలల సంగతి చెప్పుకోం. ఆ పదిహేను నెలలు లేకపోతే ఆ అంకెకు విలువ ఏముంది?

ఆ బకింగ్‌హామ్ కాలువే ఇక్కడ బేసిన్ బ్రిడ్జి దగ్గర నల్లగా పారుతోంది. రోజూ ముక్కు మూసుకుని దాటిపోతుంటాం. ఈసారి దాటేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. మనకు ఇప్పుడు అందుతున్న బియ్యం ఆగిపోతే మనలో ఎంతమంది మిగులుతాం?

బియ్యం అంటే ఏంటని అడుగుతారేమో, చెప్తాను. ఒకరికి కమిటీలో పదవి బియ్యం. ఒకరికి స్కూలు సీటుకు అయ్యగారి ఉత్తరం బియ్యం. ఒకరికి పెళ్ళి సంబంధం. ఒకరికి సమాధుల తోటలో చోటు. ఇంకొకరికి ఆశీర్వాద కూటాల్లో "ఈ నెలలో నీకు ఇల్లు, వచ్చే నెలలో నీకు కారు" అనే మాట. నాకు? ఆదివారం నేను లెక్కలు చదువుతుంటే అందరూ నిశ్శబ్దంగా వినడం నాకు బియ్యం. పదకొండేళ్ళు తిన్నాను.

యోహాను సువార్త ఆరో అధ్యాయం తీసి చదవండి. రొట్టెలు తిన్న జనం పడవలెక్కి సముద్రం దాటి ప్రభువును వెతుక్కుంటూ వచ్చారు. చూడ్డానికి ఎంత ఆసక్తి! ఆయన సంతోషించలేదు. కడుపు నిండింది కాబట్టి వచ్చారని మొహం మీదే చెప్పాడు. రొట్టె కాదు, నన్నే తీసుకోండి అన్నప్పుడు చాలామంది వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆయన ఎవరినీ బతిమాలలేదు. మనమైతే పాలరాయి కోసం అలిగి వెళ్ళినవాళ్ళను బతిమాలాం.

ఇక మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. ఒక్కోటి తీసుకుంటాను.

"అయితే బీదవాడు ఉద్యోగం కోసం, జబ్బు తగ్గడం కోసం ప్రార్థన చేయకూడదా అన్నా?" చేయాలి. ఏ రోజు అన్నం ఆ రోజు అడగమని ప్రభువే నేర్పాడు. మా అమ్మ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చే పని చేసింది. పొద్దున మస్టర్‌కి పోవాలి కాబట్టి నాలుగు గంటలకే లేచి మోకాళ్ళ మీద ఉండేది. బియ్యం అడిగేది, ఫీజు అడిగేది, మా నాన్న తాగుడు మానాలని అడిగేది. అడిగినవన్నీ రాలేదు. మా నాన్న తాగుడు మానకుండానే పోయాడు. అమ్మ మరుసటి రోజు నాలుగింటికి లేచింది. "ఇంకా ఏం అడుగుతావు అమ్మా?" అని కోపంగా అడిగాను. "అడగడానికి కాదురా, ఆయన దగ్గర కూర్చోడానికి" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. అడగడం తప్పు కాదు. ఇవ్వకపోతే లేచిపోవడమే తప్పు.

"సంఘం పని చేయడం దేవుని పని కాదా?" నేనూ ఇదే చెప్పుకున్నాను. రసీదు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్, ఆడిట్, ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. ఆ పదకొండేళ్ళలో ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎన్నిసార్లు చేశానని మా ఆవిడను అడగండి. ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘానికి వచ్చిన మాట చూడండి. కష్టపడ్డారు, ఓర్చుకున్నారు, తప్పుడు బోధకులను పట్టుకున్నారు. అన్నీ బాగున్నాయి, మొదట ఉన్న ప్రేమ ఒక్కటే లేదు. అది లేకపోతే దీపస్తంభమే తీసేస్తానన్నాడు ప్రభువు.

"మన పిల్లలు పోయేది తెలుగు రాక. ముందు తెలుగు క్లాసులు పెట్టండి." పెట్టండి, నేను చందా ఇస్తాను. కానీ ఇదే చెన్నైలో 1941లో యెహోవా షమ్మా మొదలుపెట్టిన భక్తసింగ్ గారు పంజాబీ మనిషి. ఆయనకు తెలుగు మాతృభాష కాదు. ఆయన మాటను పక్కన ఒకరు తర్జుమా చేస్తుంటే మన తెలుగువాళ్ళు గంటలు గంటలు కూర్చుని విన్నారు. భాష కుదిరింది కాబట్టి కాదు, ఆ మనిషికి దేవుడు తెలుసు అని వాళ్ళకు తెలిసింది కాబట్టి. బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఈ పోస్టు చదివే తమ్ముళ్ళకు ఒక మాట. మీ ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇవాళ్టికీ ప్రతి తెలుగు చర్చిలో పాడుతున్నాం. ఆయన తెలుగును బతికించాలని కూర్చుని రాసిన పాటలు కావు అవి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, అన్నీ వదులుకుని క్రీస్తు దగ్గరికి వచ్చిన మనిషి తన దేవునితో చెప్పుకున్న మాటలు. తెలుగు వాటి వెంటే బతికింది.

ఇంకో సంగతి, ఇది జాగ్రత్తగా చదవండి. "సర్టిఫికెట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు పెట్టుకున్నవాళ్ళకు పూర్ణ హృదయం ఎక్కడిది?" అని నా మాటను పట్టుకుని మన బీదవాళ్ళ మీదికి ఎవరూ పోవద్దు. 1950 నాటి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుడైన దళితుణ్ణి మాత్రం బయట నిలబెట్టారు. చర్మం అదే, వీధి అదే, చీపురు అదే. ఆ అన్యాయం మీద మాట్లాడే దమ్ము లేక, దాని కింద నలిగేవాళ్ళ భక్తిని కొలవడం సిగ్గుచేటు. నేను అడుగుతున్నది కాగితం మీద పేరు గురించి కాదు. అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ లేని చోట, తలుపేసుకున్న గదిలో, మనం ఆయనతో ఎంతసేపు ఉంటున్నాం అన్నది.

దానికి ఏ ఉత్తర్వూ అడ్డం లేదు. ఖర్చు లేదు. కమిటీ తీర్మానం అక్కర్లేదు. అయినా చేయడం లేదు. యిర్మీయా 29వ అధ్యాయంలో దేవుడు బబులోనులో ఉన్న చెరవాళ్ళకు కబురు పంపాడు. పరాయి ఊళ్ళో బతుకుతున్నవాళ్ళు, మనలాంటివాళ్ళే. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ ఊరి మేలు కోరండి అన్నాడు. ఇవి మనం బాగానే చేశాం. హృదయమంతా పెట్టి నన్ను వెతికితే దొరుకుతాను అని కూడా అన్నాడు. అది వదిలేశాం.

కాబట్టి వచ్చే ఆదివారం జనరల్ బాడీలో నేను మూడు మాటలు పెట్టబోతున్నాను. ముందే చెప్తున్నాను, ఆలోచించుకుని రండి.

ఒకటి, పాలరాయి వద్దు. కావాలంటే ఆర్చి కట్టుకోండి, పేర్లు మాత్రం వద్దు. ముందుగా నా పేరు తీసేయండి.

రెండు, ప్రతి బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు చర్చి తలుపులు తీసి ఉంచుదాం. గంటసేపు ప్రార్థన మాత్రమే. ప్రసంగం లేదు, ప్రకటనలు లేవు, టీ లేదు, ఫోటోలు లేవు, హాజరు పట్టీ లేదు. తెలుగులోనో తమిళంలోనో ఇంగ్లీషులోనో, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు. ముగ్గురే వచ్చినా చేద్దాం.

మూడు, కమిటీకి నిలబడేవాళ్ళు ఆ బుధవారాలు మూడు నెలలైనా వచ్చినవాళ్ళై ఉండాలి. హాజరు పట్టీ లేకుండా ఎట్లా తెలుస్తుందంటారా? వాళ్ళనే అడుగుదాం. దేవుని ముందు అబద్ధం చెప్పేవాడికి మన ఓటుతో పని లేదు.

ఇవి ఓడిపోవచ్చు. పోయిన మీటింగ్ చూశాక ఓడిపోతాయనే అనిపిస్తోంది. ఓడిపోయినా బుధవారం ఎనిమిదింటికి నేను వస్తాను. తాళం తీయకపోతే గేటు బయట మెట్ల మీద కూర్చుంటాను. మా తమ్ముడి కొడుక్కి కూడా చెప్పాను. "తల లెక్కకు కాదురా, నాకు ప్రార్థన చేయడం సరిగ్గా రావడం లేదు, తోడు రా" అన్నాను. చూస్తానన్నాడు.

కేజీఎఫ్, ధారావి, యానాం వైపు నుంచి చదివేవాళ్ళు కూడా మీ సంఘాల్లో పరిస్థితి ఎట్లా ఉందో కింద రాయండి. తిట్టేవాళ్ళు కూడా కిందే రాయండి. ఫోన్ మాత్రం బుధవారం ఎనిమిదికి చేయకండి.

ప్రభువు సేవలో మీ సహోదరుడు,
పాత ట్రెజరర్