ఆటకు వయసు అడ్డమా?

ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఆట మానాలి, పెళ్లయితే ఆ మాటే ఎత్తకూడదు అనే పెద్దలు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. పాతికేళ్లు దాటాక కొత్తగా ఆట నేర్చుకుంటానంటే నవ్వేవారే ఎక్కువ. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన ఎలెన్ పోర్ట్ సంగతి తెలిస్తే అలా నవ్వేవారు కొంచెం ఆలోచిస్తారు.

1961లో పుట్టిన ఈమె గోల్ఫ్ కర్ర పట్టింది చదువు ముగిశాక, పాతికేళ్ల ప్రాయంలో. అక్కడ పేరున్న క్రీడాకారిణులు సాధారణంగా పదేళ్లలోపే ఆ కర్ర పడతారు. అయినా ఈమె 7 జాతీయ టైటిళ్లు గెలిచారు.

గోల్ఫ్ ఆట తీరు చెప్పుకోవడానికి సులువే. చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన పచ్చికలో ఉన్న గుంటలో వేయాలి. అలాంటి గుంటలు 18 ఉంటాయి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. చెప్పినంత సులువు కాదు ఆడటం. చెయ్యి ఒక్కసారి వంకర తిరిగితే బంతి పొదల్లో పడుతుంది.

ఈ ఆటను డబ్బు కోసం ఆడేవారు వేరు. బహుమతి సొమ్ము ఆశించకుండా ఆడేవారిని అమెచ్యూర్లు అంటారు. పోర్ట్ ఈ రెండో కోవకు చెందినవారు. బతుకుతెరువుకు ఆమె బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేశారు. మనవాళ్ల మాటలో డ్రిల్లు టీచరు. ఇద్దరు పిల్లల తల్లి కూడా.

25 ఏళ్లు నిండిన మహిళలకు జరిగే జాతీయ పోటీలో ఆమె 1995, 1996, 2000 సంవత్సరాల్లో గెలిచారు. తర్వాత పదకొండేళ్లు జాతీయ టైటిల్ దక్కలేదు. ఇక అయిపోయిందనుకోవలసిన సమయంలో, 2011లో, 50 ఏళ్ల వయసులో అదే పోటీ మళ్లీ గెలిచారు. ఆమె వయసులో సగం ఉన్నవారికి కూడా ప్రవేశం ఉన్న పోటీ అది. ఆపైన 50 నిండిన మహిళల పోటీలో 2012, 2013, 2016లలో విజేత అయ్యారు. ఏడింటిలో నాలుగు టైటిళ్లు యాభై నిండాక వచ్చినవే కావడం గమనార్హం.

అమెరికా మహిళా అమెచ్యూర్లకూ, బ్రిటన్-ఐర్లండ్ జట్టుకూ మధ్య 1932 నుంచి కర్టిస్ కప్ పోటీ జరుగుతోంది. పోర్ట్ 1994, 1996లలో ఆ జట్టులో ఆడారు. 2012లో అమెరికా ఆ కప్పు పోగొట్టుకుంది. 2014లో పోటీ సెయింట్ లూయిస్‌లోనే జరిగింది. పోర్ట్ కెప్టెన్‌గా ఉన్న జట్టు 13-7 తేడాతో కప్పు తిరిగి తెచ్చుకుంది.

తర్వాత ఆమె అదే నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మహిళల గోల్ఫ్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ యూనివర్సిటీ ఆడే విభాగంలో ఆటను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వరు. అక్కడి అమ్మాయిలు చదువుకుంటూ, ఆట మీద ఇష్టంతోనే ఆడతారు. అలాంటివారికి ఉద్యోగం చేసుకుంటూ ఏడు టైటిళ్లు గెలిచిన మనిషి కన్నా తగిన గురువు ఎవరుంటారు?

అక్కడ గోల్ఫ్ మైదానాలకు కొదవలేదు, డబ్బున్న దేశం, మనతో పోలికేమిటి అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. గోల్ఫ్ ఖర్చుతో కూడిన ఆట. కాని డబ్బున్న ఆ దేశంలో కూడా ఒకప్పుడు ఆడపిల్లల ఆటకు విలువ అంతంత మాత్రమే. 1972లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలు చదువులో గాని, ఆటల్లో గాని ఆడ, మగ తేడా చూపరాదని ఆ చట్టం చెప్పింది. అప్పటికి పోర్ట్ వయసు పదేళ్లు. మైదానం గేటు ఆడపిల్లలకు తెరుచుకుంటున్న రోజుల్లో పెరిగిన తరం ఆమెది. అది తెరిచింది డబ్బు కాదు, చట్టం.

ఇందులో పల్లెవాసులు గ్రహించవలసింది గోల్ఫ్ గొప్పతనం కాదు. ఆట అనేది ఉద్యోగం కోసమో, సర్టిఫికెట్ కోసమో మాత్రమే కాదు. అవి రాకపోతే ఆట దండగ అనుకోవడం పొరపాటు. పెళ్లి, పిల్లలు, కొలువు వచ్చాక కూడా ఆట మనిషితో ఉండవచ్చు. కబడ్డీ అయినా, ఖోఖో అయినా ఇదే మాట. హైస్కూలు దాటగానే ఆడపిల్లను ఇక ఆటలు చాలు అని ఇంట్లో కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఎలెన్ పోర్ట్ ఆ వయసుకి గోల్ఫ్ కర్ర ఇంకా పట్టనే లేదు.