ఇరవై ఆరో జంప్ దగ్గర

"అన్నా, చేతిలో నాలుగు వేల డాలర్లున్నాయి. రిగ్ కొనమంటారా, కోచింగ్‌కి పెట్టమంటారా?"

హ్యూస్టన్‌కి దక్షిణాన ఒక డ్రాప్‌జోన్‌లో, ఆఖరి విమానం దిగాక మంట చుట్టూ కూర్చున్నప్పుడు గుంటూరు కుర్రాడొకడు అడిగాడిది. ఆ మధ్యాహ్నమే వాడికి స్కైడైవింగ్‌లో 'ఏ' లైసెన్స్ వచ్చింది. ఇక్కడి ఆచారం ప్రకారం ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్ ముద్రను ముందు కార్డు మీద, తర్వాత వాడి నుదుటి మీద గుద్దాడు. ఎర్ర సిరా ఇంకా చెరగలేదు, దూరం నుంచి చూస్తే బొట్టు పెట్టుకున్నట్టే ఉంది. ఏ పనైనా మొదటిసారి చేసినవాడు అందరికీ బీరు పెట్టాలన్నది ఇంకో ఆచారం. ఆ బీరు తాగుతూనే వాడికి సగం సగం జవాబు చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఊళ్లో మనవాళ్లు ఆకాశం నుంచి దూకడం ఇప్పుడు వింత కాదు. 2011లో 'జిందగీ నా మిలేగీ దొబారా' సినిమా వచ్చాక టాండెమ్ జంప్ ఒక ముచ్చటైపోయింది. వెనకాల ఇన్‌స్ట్రక్టర్ కట్టుకుని ఉంటాడు, మనం వీడియోకి నవ్వితే చాలు. చాలామందికి అదే మొదలు, అదే చివర. ఏ ఒకరిద్దరో మళ్లీ వస్తారు. పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికని ఇంట్లో చెప్పి, గుళ్లో దణ్ణం పెట్టుకుని, అదే రోడ్డున ఇంకాస్త దక్షిణానికి పోతారు. దణ్ణం పెట్టుకున్న మాట మాత్రం నిజం.

ముందు లైసెన్సుల సంగతి. యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్, అంటే యూఎస్‌పీఏ, నాలుగు లైసెన్సులిస్తుంది. 25 జంపులకి ఏ, 50కి బీ, 200కి సీ, 500కి డీ. జంపుల లెక్క ఒక్కటే సరిపోదు, ప్రతిదానికీ పరీక్షలూ, గురి చూసి దిగడాలూ ఉంటాయి. ఏ వస్తే ఇన్‌స్ట్రక్టర్ తోడు లేకుండా మన బాధ్యత మీద మనం దూకొచ్చు. 200 జంపులు దాటితే హెల్మెట్ మీద కెమెరా, వింగ్‌సూట్ లాంటి తలుపులు తెరుచుకుంటాయి. ఎంసెట్ ర్యాంకులతో పెరిగినవాళ్లం కదా, నంబరు కనిపిస్తే ఆగలేం. ఒకే వారాంతంలో పన్నెండు జంపులు చేసి, పన్నెండింట్లోనూ ఒకే తప్పు చేసిన మహానుభావుణ్ణి ఎరుగుదును. అద్దంలో చూస్తే ఇప్పటికీ కనిపిస్తాడు.

అయినా నంబరు వెనక పరిగెత్తడాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేను. ఏ లైసెన్స్ వాడు అరవై రోజులు దూకకపోతే మళ్లీ కోచ్‌తోనో ఇన్‌స్ట్రక్టర్‌తోనో ఒక జంప్ చేసి తీరాలి. అదే బీ ఉంటే గడువు తొంభై రోజులు. ఉద్యోగం, పిల్లలు, ఇండియా ప్రయాణం ఉన్నవాడికి ఆ నెల తేడా చిన్నది కాదు. పైగా బీ రావాలంటే పారాచూట్ నడిపే కోర్సు చెయ్యాలి. నీళ్లలో పడితే ఎలాగో తెలియడానికి ఈతకొలనులో హార్నెస్‌తో దిగి, మీద పరుచుకున్న గుడ్డ కింద నుంచి బయటపడాలి. బద్ధకస్తుడి చేత ఈ రెండూ చేయించేది ఆ రూలే. అందుకే బీ కోసం పరిగెత్తమంటాను. సీ దాని టైముకి అదే వస్తుంది.

ఇక డబ్బు. రిగ్, అంటే మెయిన్, రిజర్వ్ పారాచూట్లు రెండూ ఉండే వీపు సంచీ హార్నెస్సూ, కొనాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. అద్దె రిగ్‌కి జంప్‌కి పాతిక ముప్ఫై డాలర్లవుతుంది, విమానం టికెట్ దాని మీద వేరే. వంద జంపులకి అద్దే రెండున్నర నుంచి మూడు వేలవుతుంది. అద్దె రిగ్ ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి. పట్టీలు ఎప్పటికప్పుడు కొత్తగా సర్దుకోవాలి, హ్యాండిల్ ఎక్కడుందో తడుముకుని గుర్తుపెట్టుకోవాలి. మెయిన్ పారాచూట్ సరిగ్గా తెరుచుకోకపోతే దాన్ని వదిలించి రిజర్వ్ లాగడానికి ఉండేవి కొన్ని సెకన్లే. అలాంటప్పుడు చెయ్యి వెతక్కుండా వెళ్లాలంటే రోజూ వేసుకునే చొక్కా జేబంత అలవాటైన రిగ్ ఉండాలి. సొంత రిగ్ ఉన్నవాడు శనివారం పొద్దున ఇంట్లో కూర్చోలేడు కూడా. అలమారలో పడున్న అయిదు వేల డాలర్లు మనిషిని లేపి కారెక్కిస్తాయి. తరచుగా దూకేవాడే భద్రంగా దూకుతాడన్న మాటలో నిజముంది.

ఇంకో లాభం మడత. కొత్త నైలాన్ గుడ్డ ఎంత జారుతుందో పట్టుకుంటే గానీ తెలీదు, బతికున్న కొరమీనే. హ్యాంగర్‌లో కార్పెట్ మీద మోకాళ్లేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దినట్టు గదులన్నీ వరసగా మడిచి, లైన్లు మధ్యలోకి తెచ్చి, గాలంతా బయటికి పోయేదాకా మీద పడుకుని, తీరా సంచిలోకి తోస్తుంటే పక్కనుంచి సగం బయటికొస్తుంది. నా మొదటి మడతకి యాభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు పది. రోజూ ఒకే గుడ్డ మడిస్తే ఏ కుట్టు వదులైందో, ఏ లైన్ నలిగిందో వేళ్లకే తెలిసిపోతుంది. అద్దె రిగ్‌ని ప్యాకర్‌కి ఇచ్చి కాఫీకి వెళ్లేవాడికి ఆ తెలివి రాదు.

ఇంత చెప్పి, 32వ జంప్ దగ్గర నేను చేసిన నిర్వాకం చెప్పకపోతే తప్పు. ప్రకటన చూసి వేరే రాష్ట్రంలోని మనిషి దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ రిగ్ కొన్నాను. రంగు బాగుంది, ధర బాగుంది. ముందు డబ్బు పంపాను, తర్వాత రిగ్‌లు తనిఖీ చేసి బాగుచేసే రిగ్గర్‌కి చూపించాను. ఆ వరసలోనే ఉంది నా తెలివంతా. నాది అయిదడుగుల నాలుగంగుళాల ఒడ్డూపొడుగు. రిగ్గర్ దాన్ని నా భుజాలకెక్కించి, పట్టీలు ఆఖరిదాకా బిగించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "ఇది ఆరడుగుల మనిషికి కుట్టిన హార్నెస్" అన్నాడు. నాకు వినబుద్ధి కాలేదు, రెండు జంపులు చేశాను. రెండో జంప్‌లో పారాచూట్ తెరుచుకున్న కుదుపుకి హార్నెస్ పైకి జరిగింది. చూసుకుంటే మెయిన్‌ని వదిలించే కటవే హ్యాండిల్ ఛాతీ మీద ఉండాల్సింది చంక దగ్గరికి చేరింది. ఆ రోజు దానితో పని పడలేదు కాబట్టే ఇదంతా సరదాగా రాయగలుగుతున్నాను. హార్నెస్ కత్తిరించి కొత్త కొలతకి కుట్టే పని మాస్టర్ రిగ్గర్ చేతిదో, తయారుచేసిన కంపెనీదో. నెలలు పట్టింది. ఆ నెలలన్నీ మళ్లీ అద్దె రిగ్గే.

మనలాంటి చిన్న ఒళ్లవాళ్లకి ఇంకో చిక్కుంది. దిగేటప్పుడు మనిషీ సామానూ కలిసి ఎన్ని పౌండ్లో చూసి, దాన్ని పారాచూట్ చదరపు అడుగులతో భాగిస్తే వచ్చేది వింగ్ లోడింగ్. కొత్తవాడికి అది ఒకటి దాటకూడదంటారు. నా 58 కిలోలకి 11 కిలోల సామాను కలిపితే సుమారు 152 పౌండ్లు. లెక్క ప్రకారం 150 చదరపు అడుగుల పారాచూట్ నాకు సరిపోవాలి. కానీ చిన్న పారాచూట్‌కి లైన్లూ పొట్టే. అదే లోడింగ్ దగ్గర పెద్దదానికన్నా చురుగ్గా తిరుగుతుంది, తిరిగేటప్పుడు ఎత్తు త్వరగా కోల్పోతుంది. సామానుతో కలిపి 225 పౌండ్ల మనిషి 230 కింద ఉండటం, నేను 150 కింద ఉండటం కాగితం మీద ఒకటే, గాల్లో కాదు. పోనీ అద్దెకి దొరికే 190 తీసుకుంటే నా లోడింగ్ 0.8. గాలి పెరిగితే అది ముందుకి పోదు. ఒకసారి గాలికి ఎదురుగా నిలబడ్డట్టే నిలబడి, చివరి వంద అడుగుల్లో వెనక్కి కొట్టుకుపోయి పక్క పొలంలో ఆవుల మధ్య కూలబడ్డాను. అంత గాలిలో విమానం ఎక్కడం నా తప్పే. అయినా సన్నవాళ్లకి అద్దె రిగ్ ఎప్పుడూ భద్రమైన దారి అనుకోవడం సగం నిజమేనని ఆ ఆవులు నాకు చెప్పాయి.

కోచింగ్ వైపు చూద్దాం. దాంట్లోనూ అంతా తేనె కాదు. యూఎస్‌పీఏ కోచ్ రేటింగ్‌కి బీ లైసెన్స్, వంద జంపులు ఉంటే కోర్సుకి కూర్చోవచ్చు. అంటే మన ఇరవై ఆరో జంప్‌కి మన టికెట్‌తో పాటు అతని టికెట్ కూడా మనం కొనుక్కుని వెంట తీసుకెళ్లే గురువుగారు నిన్న మొన్నటిదాకా మనలాంటివాడే కావచ్చు. అది చెడ్డ విషయమేమీ కాదు, తప్పు ఎక్కడ జరుగుతుందో అతనికి తాజాగా గుర్తుంటుంది. కానీ ప్రతి జంప్‌కీ కోచ్‌ని పెట్టుకోమని ఎవరైనా అంటే, డ్రాప్‌జోన్‌కి అది ఆదాయమని కూడా గుర్తుంచుకోవాలి. మంట చుట్టూ సీనియర్లు ఉచితంగా చెప్పేది చాలదా అంటే, ముగ్గుర్ని అడిగితే నాలుగు సలహాలొస్తాయి. తర్వాత పడుకుని ఏరుకోవాల్సింది మనమే.

గాలి సొరంగం, అంటే విండ్ టనల్, మోజు ఇప్పుడు బాగా ఉంది. పదమూడు వేల అడుగుల నుంచి దూకితే పారాచూట్ తెరిచేదాకా దొరికేది ఒక్క నిమిషం. టనల్‌లో పది నిమిషాలంటే పది జంపుల సాధన. ఒళ్లు తిన్నగా పెట్టడానికి, పక్కవాణ్ణి చేరడానికి దానికి మించింది లేదు. కాకపోతే టనల్ ఆ ఒక్క నిమిషాన్నే నేర్పుతుంది. తర్వాత పారాచూట్ కింద గడిచే అయిదారు నిమిషాలే కాళ్లు విరగ్గొట్టేవి. అమెరికాలో ఈ ఆటలో చనిపోయేవారిలో కొందరు పూర్తిగా తెరుచుకుని, ఏ లోపమూ లేని పారాచూట్ కింద, నేలకి దగ్గర్లో చేసిన ఒక మలుపు వల్ల పోతారు.

దాన్ని పట్టించుకునేది పారాచూట్ కోర్సు ఒక్కటే. అయిదారు వేల అడుగుల్లో దూకి, వెంటనే తెరిచి, ఎత్తులో ఉండగానే పారాచూట్ ఎగరడం మానేసే స్టాల్ దాకా తీసుకెళ్లి చూస్తారు, బ్రేకులు పట్టుకుని మెల్లగా తిరగడం నేర్పుతారు, ప్రతి దిగుడూ వీడియో తీస్తారు. నా వీడియోలో నాలుగు దిగుళ్లకీ నాలుగుసార్లూ కుడివైపుకే ఒరుగుతున్నాను. గాలి అలా కొడుతోందనుకునేవాణ్ణి. కోచ్ వీడియో ఆపి నా కుడిచెయ్యి చూపించాడు. నేల దగ్గరపడగానే, కింద పడబోయేవాడు చెయ్యి చాచినట్టు, అది నాకు తెలీకుండానే కిందికి సాగుతోంది. ఆ చేతిలోనే స్టీరింగ్ తాడుంది. చెయ్యి సాగినవైపు పారాచూట్ తిరుగుతుంది, తిరిగినవైపు ఇంకా పడిపోతున్నట్టనిపిస్తుంది, చెయ్యి ఇంకా సాగుతుంది. అరవై జంపులు గాలిని తిట్టుకున్నాను. ఏ రిగ్గూ ఈ సంగతి నాకు చెప్పి ఉండేది కాదు.

మంచి సామాను ప్రాణం కాపాడదా? కాపాడుతుంది. 1991లో జర్మనీ ఎయిర్‌టెక్ కంపెనీ సైప్రెస్ అనే ఏఏడీ, అంటే రిజర్వ్‌ని దానంతటదే తెరిచే పరికరం, తెచ్చాక, మనిషి హ్యాండిల్ లాగడం మరిచిపోయినా 750 అడుగుల దగ్గర రిజర్వ్ దానంతటదే తెరుచుకుంటుంది. 1970లలో అమెరికాలో ఏడాదికి సగటున 42 మంది పైగా పోయేవారు. 2023లో సుమారు 36 లక్షల జంపులకి పది మంది. అందులో సామాను పాత్ర చాలా ఉంది. అయితే మూడు రింగుల కటవే కనిపెట్టిన బిల్ బూత్ గారే ఒక మాటన్నారు. సామాను ఎంత భద్రంగా మారితే మనుషులు అంత సాహసానికి దిగుతారని దాని సారం. చిన్న పారాచూట్ల మోజు చూస్తే ఆయన్ని కాదనడం కష్టం.

అందుకని నాలుగు వేలు చేతిలో ఉన్నవాడికి నేను ముందు పారాచూట్ కోర్సే చెబుతాను. బీ దాకా ఆగక్కర్లేదు, ఇరవై ఆరో జంప్‌కే చెయ్యొచ్చు. తర్వాత తలకి సరిపడే హెల్మెట్, ఆల్టీమీటర్ కొనుక్కోవాలి. పారాచూట్ ఎన్ని సైజులు మారినా అవి మారవు. రిగ్ రెండో ఏడు చూసుకోవచ్చు. ఆ లోపు ఏ సైజు కింద హాయిగా దిగుతున్నామో తేలుతుంది. పారాచూట్ కంపెనీలు కొన్ని జంపులకి డెమో ఇస్తాయి, అదీ వాడుకోవాలి. కొనేటప్పుడు మాత్రం డబ్బుకన్నా ముందు రిగ్ రిగ్గర్ చేతికి రావాలి. ఏఏడీ తయారీ తేదీ చూడాలి, ఇప్పటి సైప్రెస్ జీవితం పదిహేనున్నరేళ్లు. రిజర్వ్ మరీ పాతదైతే కొందరు రిగ్గర్లు మడత పెట్టనే పెట్టరు. ఆర్నెల్లకోసారి, 180 రోజులకి, మడత వేయించక తప్పదు కాబట్టి ముందే అడిగితే పోయేదేం లేదు.

గుంటూరు కుర్రాడికి ఇదంతా చెబితే తలాడించి, "మరి నాకు సరిపోయే అద్దె రిగ్ ఇక్కడ ఒక్కటే ఉందన్నా. దాని కోసం ఇద్దరు ఆడపిల్లలు, నేనూ శనివారం పొద్దున ఏడింటికే లైన్ కడుతున్నాం" అన్నాడు. వాడు 54 కిలోలు. నా లెక్క వాడి దగ్గర కాస్త తడబడింది. వారానికోసారి తప్పకుండా వచ్చేవాడు, ఒళ్లుకి తగ్గ అద్దె రిగ్ దొరకనివాడు ముందే కొనుక్కోవడం తప్పని అనలేను. కోర్సు మాత్రం వదలొద్దన్నాను.

కోర్సుకి పేరిచ్చాడు. పోయిన శనివారం పొట్టి మనిషి హార్నెస్ ఉన్న ఒక పాత రిగ్, 170 మెయిన్‌తో, రిగ్గర్ బల్ల మీదికొచ్చింది. డబ్బు ఇంకా వీడి జేబులోనే ఉంది. రిగ్గర్ లైన్లు ఒక్కొక్కటే టేపుతో కొలుస్తుంటే పక్కన ఫోన్ టార్చ్ పట్టుకుని వీడు నిలబడ్డాడు. ఒక లైన్ రెండంగుళాలు కుంచించుకుందట, మార్చాలి, ఆ మేరకి ధర తగ్గించమని అడగాలి. అమ్మేవాడు ఒప్పుకుంటే రిగ్ వీడిదే. మొదటి సొంత రిగ్ కాబట్టి మళ్లీ బీరు బాకీ.