పాము చొక్కా విప్పే వేళ

పిల్లలూ, ఈ నెల నెల్లూరు జిల్లా జలదంకి నుంచి వచ్చిన ప్రశ్న తీసుకుందాం. ఆ ఊరి కుర్రవాడొకడు ఇలా అడిగాడు:

"పోయిన కార్తీకమాసంలో మా దొడ్లో వామి పక్కన పాము కుబుసం దొరికింది. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు. ఈ ఏడు రోహిణీకార్తెలో అక్కడే మళ్లీ కుబుసం కనబడింది. కాని అది ముక్కలు ముక్కలుగా ఉన్నది. పాముకు జబ్బు చేసిందా? నేనే ఒక పామును పెట్టెలో పెట్టి పెంచితే దాని కుబుసం సరిగా ఊడేట్టు చెయ్యవచ్చునా?"

మంచి ప్రశ్న. రెండు కుబుసాలనూ పోల్చి చూడాలని తోచినందుకే ఈ కుర్రవాణ్ణి మెచ్చుకోవాలి. పెద్దవాళ్లలో చాలామంది కుబుసం కనబడగానే కర్ర కోసం పరిగెత్తుతారు గాని, అది చిరిగిందా చిరగలేదా అని చూడరు.

మీ చర్మం కూడా ఊడిపోతూనే ఉంటుంది, తెలుసునా? ఒళ్లు రుద్దుకున్నప్పుడు మట్టితో పాటు చర్మపు పొట్టు కొంచెం కొంచెం రాలిపోతుంది. అందుచేత మనకు తెలియదు. పాముకు అలా కాదు. దాని పైపొర గోళ్ల వంటి గట్టి పదార్థంతో తయారైనది. పాము ఎదిగినా ఆ పొర ఎదగదు, అరిగినా తిరిగి పూడదు. కనక లోపల కొత్త పొర సిద్ధం చేసుకుని, పాతదాన్ని ఒక్కసారిగా, చొక్కా విప్పినట్టు, విప్పేస్తుంది. పిల్లపాములు త్వరగా పెరుగుతాయి గనక తరచు విప్పుతాయి. పెద్దవి ఏడాదికి కొన్నిసార్లే విప్పుతాయి. ఏడాదికి ఒక్కసారే విప్పుతుందని, కుబుసాలు లెక్కపెట్టి పాము వయస్సు చెప్పవచ్చునని కొందరు అంటారు. అది నిజం కాదు.

ఇక విప్పే విధానం చూడండి. కొత్త పొర తయారుకాగానే పాతపొరకూ దానికీ మధ్యకు పాము ఒంట్లోంచే పల్చని ద్రవం ఊరుతుంది. పొట్టుమినప్పప్పు రాత్రి నానబోస్తే తెల్లవారేసరికి పొట్టు వదులై చేతిలోకి జారివస్తుంది గదా! ఎండుపప్పును ఎంత రుద్దినా రాదు. ఇదీ అటువంటిదే. ఆ ద్రవం ఊరినప్పుడు పాము ఒంటి రంగు మాసిపోతుంది. కళ్లు పాలు కలిపిన నీళ్ల మాదిరి తెల్లగా, నీలంగా మసకబారుతాయి. ఎందుచేతనంటే, పాముకు రెప్పలు లేవు. కంటి మీద గాజుబిళ్ల వంటి పొలుసు ఒకటి ఉంటుంది. చొక్కాతో పాటు ఆ కళ్లద్దాలను కూడా అది విప్పాలన్నమాట!

ఆ కొద్దిరోజులూ పాముకు కళ్లు సరిగా కనబడవు. సామాన్యంగా తిండి తినదు. ఎక్కడో ఒదిగి పడి ఉంటుంది. దగ్గరలో ఏది కదిలినా భయపడి కాటు వేయడానికి చూస్తుంది. తరవాత కళ్లు తిరిగి తేటపడతాయి. మరి నాలుగైదు రోజులకు పాము తన మూతిని రాతికో వేరుకో రాచి, పెదవుల దగ్గర పొరను చీలుస్తుంది. ఆ చీలికను దేనికైనా తగిలించి ముందుకు పాకుతుంది. తడిసిన బనీను తల మీదుగా లాగినప్పుడు లోపలివైపు పైకి తిరగబడుతుంది చూడండి, అలాగే పొర తిరగబడి వెనక్కు ఊడుతుంది. కొత్త పొర మిలమిల మెరుస్తుంది. కుబుసం విడిచిన పాములా ఉన్నాడని ఎవరినైనా అన్నారంటే తిట్టారని అనుకోకండి, కొత్త జవంతో ఉన్నాడని అర్థం.

ఈ తంతు అంతటికీ ముఖ్యమైనది తేమ. గాలి మరీ పొడిగా ఉన్నా, పాము ఒంట్లోనే నీరు తక్కువైనా పాతపొర ఊడకముందే బిగుసుకుని ఎండిపోతుంది. అప్పుడు ఒకచోట ఊడి, ఒకచోట అంటుకుని, ముక్కలుగా చిరుగుతుంది. రోహిణీకార్తె కుబుసం ముక్కలు కావడానికి ఇది ముఖ్యమైన కారణం కావచ్చు. పాము ఒంటికి గాయాలున్నా, పొలుసుల సందుల్లో చిన్న చిన్న పేలు పట్టినా ఇలా జరుగుతుంది కాబట్టి, ఒక్క కుబుసం చూసి రోగం ఇది అని చెప్పడం వైద్యుడి చేత కూడా కాదు.

అయితే వేసవిలో గాలి ఎందుకు అంత పొడిగా ఉంటుంది? జలదంకి కావలికి పడమటి వైపున ఉన్నది. సముద్రం మరీ దూరం కాదు. అయినా పడమటిగాలి తిరిగిందంటే తడిబట్ట చూస్తూండగా ఆరిపోతుంది. దీనికి చక్కని లెక్క ఉన్నది. వేడి 20 డిగ్రీలున్నప్పుడు ఒక ఘనమీటరు గాలి దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 40 డిగ్రీల వద్ద అదే గాలి 51 గ్రాముల దాకా పట్టగలదు. అంటే ఆ 17 గ్రాములు చల్లనిగాలికి కడుపునిండా భోజనం, వేడిగాలికి మూడోవంతు మాత్రమే. మిగిలిన రెండువంతుల ఆకలినీ అది ఎక్కడ తడి కనబడితే అక్కడ తీర్చుకుంటుంది. మన పెదవులు, చెరువు, పాము చొక్కా, ఏదైనా దానికి ఒకటే. గాలి పట్టగలిగిన తేమలో ఎంత ఉన్నదో నూటికి ఇన్ని పాళ్లని చెబుతారు. మొదటిదానికి నూటికి నూరు పాళ్లు, రెండోదానికి ముప్పైమూడు. మన జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాల వల్ల, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. కార్తీకమాసం సరిగా ఆ రోజుల్లోనే వస్తుంది. ఆ కుబుసం నిండుగా ఊడిందంటే ఆశ్చర్యమేమున్నది?

మరి వేసవి అంతా పాములు ఏం చేస్తాయి? తేమ ఉన్నచోటు వెతుక్కుంటాయి. అన్నిటికన్న మంచిచోటు పుట్ట. పుట్ట కట్టింది పాము కాదు, చెదపురుగులు. చెదపురుగు ఒళ్లు బహు మెత్తన, పొడిగాలి సోకితే ఎండి చస్తుంది. అందుచేత అవి నేల అడుగునుంచి తడిని మోసుకువచ్చి లోపలి గోడలను చెమ్మగా ఉంచుతాయి. ఆ చెమ్మలో బూజుతోటలు వేసి, ఆ బూజును తింటాయి. బయట మే నెల ఎండ నిప్పులు చెరుగుతున్నా పుట్ట గర్భంలో వానాకాలమే! మట్టి మందంగా ఉండడం వల్ల వేడి కూడా అంతగా చొరబడదు. చెదలు తమ కోసం చేసుకున్న ఏర్పాటు పాముకు స్నానాలగదిగా పనికివస్తున్నది. నాగులచవితికి పుట్టలో పోసే పాలు పాముకు ఆహారం కావు. దానికి కావలసింది నీళ్లు, ఆ చెమ్మ. పుట్టను గునపంతో తవ్వి పడగొట్టేవాళ్లు దానికి ఆ రెండూ లేకుండా చేస్తున్నారు.

పుట్ట దొరకని పాము మన ఇళ్ల వైపు వస్తుంది. నీళ్లబాన కింద, తొట్టి పక్కన, తడిసిన కట్టెల మోపులో, అరటిచెట్ల మొదట్లో చేరుతుంది. కప్పలు, ఎలుకలు దొరుకుతాయని కూడా వస్తుందనుకోండి. కాని వేసవిలో చల్లదనం, తడి దానిని లాగుతాయి. కనక ఎండాకాలం రాత్రిళ్లు బాన దగ్గరికి దీపం లేకుండా వెళ్లకండి. కట్టెలమోపులో చెయ్యి పెట్టబోయే ముందు కర్రతో కదిలించండి. కుబుసం కనబడితే పాము వెళ్లిపోయిందని ధీమా పడకూడదు, అది పక్కనే ఉండవచ్చు. ఎవరినైనా పాము కరిస్తే గాటు పెట్టడం, కట్టు బిగించడం, మంత్రం కోసం ఆగడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, తిన్నగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక పెంచడం సంగతి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. జెర్రిపోతయినా, నీటిపామయినా అంతే. ఆ చట్టం లేకపోయినా వద్దనే చెప్పేవాళ్లం. కాని పాములను ఉంచవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. వాళ్లు ఈ తేమను ఎలా కనిపెట్టి చూస్తారో తెలుసుకోదగినది.

మద్రాసుకు దక్షిణాన సముద్రపుటొడ్డున వడనెమ్మెలి అనే ఊరున్నది. అక్కడ ఇరుళవారు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. మన నెల్లూరు యానాదుల లాగే వారు కూడా పాముల జాడ ఎరిగినవారు. పూర్వం పాముతోళ్లు అమ్మి బతికేవారు. చట్టం వచ్చి ఆ వ్యాపారం పోయాక, పాములను ప్రాణాలతో పట్టి, విషం తీసి, విషానికి విరుగుడు మందు తయారుచేసేవాళ్లకు అమ్మడం మొదలుపెట్టారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగే వారు పట్టేవి. వాటిని ఉంచేది ఇనుపపెట్టెల్లో కాదు, గాజుపెట్టెల్లో కాదు, మట్టికుండల్లో! కుండలో ఇసుక పోసి, మూతికి గుడ్డ కడతారు. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మీకు తెలుసు. దాని గోడల్లో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటివల్ల కుండ లోపల మరీ వేడెక్కదు, మరీ ఎండిపోదు, గాలి ఆడుతుంది. ఒకవిధంగా అది చిన్న పుట్ట. కొన్ని వారాలుంచి, విషం తీసి, పాములను తిరిగి అడవిలో వదిలేస్తారు. వదిలేముందు పొట్ట అడుగు పొలుసు మీద చిన్న గుర్తు పెడతారు. మళ్లీ అదే పాము దొరికితే, గుర్తు చూసి విడిచిపెట్టేస్తారు. ఆ గుర్తు శాశ్వతం కాదు. కొన్ని కుబుసాలు విడిచేసరికి చెరిగిపోతుంది. అప్పటికి పాము తేరుకుని ఉంటుంది గనక మళ్లీ పట్టవచ్చునన్నమాట. గడియారం, పంచాంగం అక్కరలేని లెక్క ఇది!

పడమటి దేశాల్లో కొందరు ఇళ్లలోనే పాములను పెంచుతారు. అమెరికా పొలాల్లో ఉండే కార్న్ పాము, ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న కొండచిలువ జాతి వాటిలో ముఖ్యమైనవి. ఆ చిన్న కొండచిలువ తన దేశంలో ఎలుకబొరియల్లోను, చెదపుట్టల్లోను కాపురముంటుంది. అటువంటిదాన్ని చలికాలంలో పొయ్యి వేసి వెచ్చచేసిన గదిలో పెడితే గాలి పొడారి, కుబుసం అంటుకుపోతుంది. అందుకని వాళ్లు పెట్టెలో తేమను కొలిచే పరికరం తగిలిస్తారు. కార్న్ పాముకు నూటికి యాభై పాళ్లు, కొండచిలువకు అరవై పైన ఉండేట్టు చూస్తారు. కళ్లు మసకబారగానే తడి నాచు నింపిన మూతడబ్బా ఒకటి, దూరను కంత చేసి, లోపల పెడతారు. పాము తనకు కావలసినప్పుడు అందులో దూరుతుంది. పెట్టె అంతా తడిచేస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. ఎప్పుడూ తడిగా ఉండే నేల మీద పడుకున్న పాముకు పొట్ట పొలుసుల కింద పొక్కులు లేచి కుళ్లుతాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ఒక మూల తడి, ఒక మూల పొడి ఉంచి, ఎంచుకోవడం పాముకు విడిచిపెట్టాలి.

అంటుకున్న ముక్కను చేత్తో లాగడం అన్నిటికన్న తప్పు. కంటిమీది పాతబిళ్ల లాగితే కిందనున్న కొత్తది కూడా చిరిగి కన్ను పోవచ్చు. తోక చివర ఉంగరంలా మిగిలిన పొర ఎండి బిగిస్తే నెత్తురు ఆడక ఆ కొస చచ్చిపోతుంది. గోరువెచ్చని నీటితో తడిపిన గుడ్డల మధ్య పామును మెల్లగా పాకనిస్తే ఆ ముక్క తనంతట ఊడుతుంది.

హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వెళ్లినప్పుడు పాముల ఇల్లు తప్పక చూడండి. కొండచిలువ తొట్టినీళ్లలో కదలక మెదలక పడుకుని, దాని కళ్లు మసకగా ఉంటే, అది చొక్కా నానబెట్టుకుంటున్నదని మీ పక్కవాళ్లకు చెప్పవచ్చు.

తేమ ఒక్కటే ఉంటే చాలునా? మన సముద్రంలో పాములున్నాయి. జాలరుల వలల్లో పడుతుంటాయి. వాటికి నీటికి కొదవ లేదు గాని, నడిసముద్రంలో మూతి రాచుకోవడానికి రాయీ రప్పా ఉండవు. పొట్ట పసుపుగా ఉండే ఒక జాతి సముద్రపు పాము దీనికి చక్కని ఉపాయం పట్టింది. తన ఒంటినే ముడివేసుకుని, ఆ ముడిని తల నుంచి తోక దాకా జరుపుకుంటూ పోతుంది. ఒళ్లు ఒంటికే రాసుకుని పాతపొర ఊడుతుంది. దానితో పాటు ఒంటికి పట్టిన నాచూ, గుల్లలూ కూడా పోతాయి!

మళ్లీ మీకు కుబుసం దొరికితే, చుట్టుపక్కల పాము లేదని పెద్దవాళ్లు చూసి చెప్పాక, పుల్లతో ఎత్తి కాగితం మీద పరచండి. ముట్టుకుంటే తరవాత చేతులు సబ్బుతో కడుక్కోండి. తల దగ్గర రెండు గాజుబిళ్లలూ ఉన్నాయేమో చూడండి. ఉంటే పాము కళ్లు బాగున్నాయన్నమాట. తోక కొస ఉన్నదా? వీపు పొలుసుల మధ్య నిలువునా గట్టిగా గీత ఉంటే రక్తపింజరిది కావచ్చు. గీత లేక నున్నగా ఉండి, వీపు నడిమి వరుస పొలుసులు మాత్రం తక్కినవాటికన్న పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటే కట్లపాముది. పొడవు కూడా కొలవండి. కాని అది పాము పొడవు అనుకోకండి. పొలుసుల సందుల్లో మడతపడి ఉన్న చర్మమంతా ఊడేటప్పుడు సాగుతుంది గనక, చొక్కా ఎప్పుడూ తొడుక్కున్నవాడికన్న పొడుగే ఉంటుంది.