రోగి హక్కుల బోర్డు, రాత్రి డ్యూటీ నర్సు

ఆస్పత్రి పరామర్శ సంఘ కాపరుల పనిలో ఒక భాగం. జిల్లా ప్రభుత్వాస్పత్రి అయినా, పట్టణంలోని ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా వార్డులో కనిపించేది దాదాపు ఒకటే. మంచం పక్కన పేషెంటు భార్యో, కూతురో, కోడలో ఉంటుంది. సెలైన్ అయిపోవచ్చిందని సిస్టర్‌ను పిలవడానికి పరుగెత్తేది ఆమే. మూత్రం సంచి నిండిందని చెప్పేది, బట్టలు మార్చేది, ఒళ్లు తుడిచేది, ఎక్స్‌రే గది దాకా స్ట్రెచర్‌కు చెయ్యి వేసేది ఆమే. ఇంటివాళ్లు తోడుండటం మంచిదే, రోగికి ధైర్యం. కానీ ఏ శిక్షణా లేని మనిషి నర్సు పని చేయాల్సి రావడం వేరే సంగతి. ఇక తోడు ఎవరూ లేని ముసలమ్మ పరిస్థితి ఏమిటి?

చాలా ఆస్పత్రుల్లో లిఫ్టు పక్కనో, రిసెప్షన్ వెనకో రోగి హక్కుల బోర్డు కనిపిస్తుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ. చదివినా, రాత్రి రెండు గంటలకు ఆ హక్కు ఎవరిని అడగాలి? వార్డులో ఉన్న ఒక్క నర్సునే. ఈ వారం మేము చెప్పదలచింది ఒక్క మాట. రోగి హక్కు గురించి మాట్లాడేవాళ్లు నర్సుకు ఎంతమంది పేషెంట్లను అప్పగిస్తున్నారో, ఎంత జీతం ఇస్తున్నారో కూడా అడగాలి. అది అడగకపోతే బోర్డు మీద రాసిన అక్షరాలు అక్కడే ఉండిపోతాయి.

ముందు హక్కుల సంగతి చూద్దాం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 17 హక్కులతో ఒక రోగుల హక్కుల పత్రాన్ని తయారుచేసింది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని 2018లో ప్రజల ముందుంచింది. ఆ తర్వాతి ఏడాది దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకు రాసింది. జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, ఖర్చెంతో అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం ఒక హక్కు. కేసు షీటు, రిపోర్టుల నకళ్లు పొందడం ఒక హక్కు. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చు. మందులు, పరీక్షలు ఆస్పత్రి చెప్పిన చోటే కాకుండా నచ్చిన చోట చేయించుకోవచ్చు. గౌరవం, గోప్యత, కుల మత వివక్ష లేని సేవ, భద్రమైన నాణ్యమైన సంరక్షణ కూడా అందులో ఉన్నాయి. బిల్లు గొడవ తేలలేదని పేషెంటును గానీ, చనిపోయిన వారి శరీరాన్ని గానీ ఆపి ఉంచకూడదన్నది మరో హక్కు. మన ఊళ్లలో ఎక్కువ అవసరపడేది బహుశా ఇదే.

వీటిలో చాలావాటికి వెనక కోర్టు తీర్పుల బలం ఉంది. ప్రాణాపాయంలో ఉన్నవారికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వాస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవని తిప్పి పంపాయి. చివరకు అతను ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు అతనికి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించి, అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనంది. రోగికి విషయం చెప్పి, ఒప్పుకున్న చికిత్స మాత్రమే చేయాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది.

ఈ తీర్పులన్నీ ఎక్కువగా డాక్టరు చేసే నిర్ణయాల గురించి. ఆస్పత్రిలో వారం రోజులు ఉన్న మనిషి డాక్టరును చూసేది రౌండ్సులో రోజుకు పది నిమిషాలు. మిగతా సమయమంతా నర్సు చేతుల్లోనే. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద, మడమల మీద పుండ్లు పడతాయి. వాటినే బెడ్‌సోర్స్ అంటాం. సరైన మందు, సరైన మోతాదు, సరైన మనిషికి, సరైన దారిలో, సరైన సమయానికి వెళ్తోందా అని ఇంజెక్షన్ వేసే ముందు సరిచూసుకోవాలి. ఆపరేషన్ అయిన మనిషి బీపీ మెల్లగా పడిపోతుంటే ముందు గమనించాల్సింది నర్సే. డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గర ఆగి, ఈయనకు ఏమైంది, ఏం ఇచ్చాం, ఏం చూడాలి అని తర్వాతి సిస్టర్‌కు అప్పజెప్పాలి. వీటిలో ఏ పనికైనా కావాల్సింది సమయం. తెర లాగి డ్రెస్సింగ్ చేయడానికి, చదువురాని తల్లికి మందుల సంగతి మరోసారి చెప్పడానికి కూడా సమయమే కావాలి. బోర్డు మీద ఉన్న గౌరవం, గోప్యత, భద్రత ఈ పనుల్లోనే ఉన్నాయి.

సమయం నర్సుల సంఖ్యను బట్టి వస్తుంది. భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. మన వార్డుల్లో రాత్రిపూట ఆ లెక్క ఎక్కడైనా కనిపిస్తుందా? పాఠకుల్లో రోగులకు తోడుగా ఉన్నవాళ్లు ఎవరికి వారే జవాబు చెప్పుకోగలరు. ఇది సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయం కాదు. అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల రికార్డులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఆపరేషన్ చేయించుకున్న రోగుల్లో, నర్సుకు అదనంగా అప్పగించిన ఒక్కొక్క పేషెంటుకు, 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లోనే చట్టం చేసి, ఒక నర్సుకు ఎంతమందికి మించి ఇవ్వకూడదో 2004 నుంచి అమలులో పెట్టింది. మన దగ్గర ప్రమాణం కాగితం మీద ఉంది. దాన్ని తప్పిన ఆస్పత్రిని పట్టుకునే చెయ్యి లేదు.

సంఖ్యతో పాటు శిక్షణ కూడా ముఖ్యం. 1993 చివర్లో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో జ్వరంతో చేరిన పసివాడికి నర్సు నరంలోకి ఇంజెక్షన్ ఇచ్చింది. బిడ్డ అక్కడికక్కడే కుప్పకూలాడు, గుండె ఆగింది. ప్రాణం దక్కినా మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఆమెకు తగిన అర్హత లేదని విచారణలో తేలింది. వినియోగదారుల జాతీయ కమిషన్ బిడ్డకు 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షలు ఇవ్వమంది. 1998లో సుప్రీంకోర్టు స్ప్రింగ్ మెడోస్ తీర్పులో దాన్ని సమర్థించింది. ఆ కేసులో బాధ్యత నర్సు దగ్గర ఆగలేదు, ఆమెకు ఆ పని అప్పగించిన డాక్టరు మీద, ఆస్పత్రి మీద పడింది. చిన్న నర్సింగ్ హోముల్లో ఈ రోజుకీ పదో తరగతి చదివిన అమ్మాయికి తెల్లకోటు వేసి, కొన్నాళ్లు చూపించి, సూది చేతికివ్వడం మన పట్టణాల్లో తెలియని సంగతేమీ కాదు. జీతం తక్కువ పడుతుందనే ఆ ఏర్పాటు. ఆ పొదుపుకు మూల్యం చెల్లించేది మాత్రం మంచం మీద ఉన్నవారు.

జీతాల సంగతికి వద్దాం. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాలకు వెళ్లింది. తెలుగు రాష్ట్రాల్లో నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, అప్పులు చేసి ఫీజులు కట్టిన పిల్లలు ఆ మొత్తం కంటే తక్కువకు పన్నెండు గంటల డ్యూటీలు చేస్తున్నారు. ఉద్యోగం మానకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే యాజమాన్యాలూ ఉన్నాయి. ఇక ఆ పిల్లలు గల్ఫ్‌కో, బ్రిటన్‌కో, జర్మనీకో వెళ్లడంలో ఆశ్చర్యం ఏముంది? తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ స్వయంగా భాష నేర్పి నర్సులను జర్మనీకి పంపుతోంది. వెళ్లేవారిని మేము తప్పుబట్టం. ఇక్కడ నిలబెట్టుకునే ప్రయత్నం లేకపోవడమే మా ఆవేదన.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. 2024 జనవరి చివర తెలంగాణలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, ప్రసూతి సేవల కమిషన్ చట్టం చేసింది. ప్రైవేటు యాజమాన్యాల వాదనలోనూ కొంత నిజం ఉంది. ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ పదే పదే చూస్తున్నాం. డబ్బు సకాలంలో రాని చిన్న ఆస్పత్రి ముందుగా కోత పెట్టేది నర్సుల జీతంలోనే. కాబట్టి ప్రభుత్వం బకాయిలు తీర్చాలి. అదే చేత్తో నర్సుల సంఖ్యను, అర్హతను తనిఖీ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది. తెలంగాణ 2010 నాటి కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో ప్రతి షిఫ్టులో ఎంతమంది అర్హులైన నర్సులున్నారో చూపించమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇక మన ఇంటి సంగతి. తెలుగు నేలలో ఆధునిక నర్సింగ్ వేళ్లూనింది మిషన్ ఆస్పత్రుల్లోనే. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. 1946 నాటికి అక్కడ డిగ్రీ చదువు వచ్చింది. అన్ని కులాల వారి ఒంటిని తాకాల్సిన, మలమూత్రాలు ఎత్తాల్సిన పని అని సమాజం మొహం తిప్పుకున్న కాలంలో ఆ పనికి ముందుకొచ్చింది ఎక్కువగా క్రైస్తవ ఆడపిల్లలు. అది మనకు గౌరవం. అయితే ఆ చిన్నచూపు అవశేషం ఇంకా పోలేదు. నర్సు పనిని తక్కువ పనిగా, తక్కువ జీతం పనిగా చూడటంలో అది బతికే ఉంది. మన సంస్థల్లోనూ ఉంది. 'ఇది పరిచర్య, జీతం గురించి మాట్లాడకూడదు' అన్న మాట మిషన్ ఆస్పత్రి కమిటీ సమావేశాల్లో వినపడుతూనే ఉంటుంది. పరిచర్య అన్న పదాన్ని యాజమాన్యం తన ఖర్చు తగ్గించుకోవడానికి వాడుకోకూడదు. కార్పొరేట్ ఆస్పత్రిని అడిగే ప్రశ్నలన్నీ మన ఆస్పత్రిని ముందు అడగాలి.

మంచి సమరయుని కథలో మనం సాధారణంగా గుర్తుపెట్టుకునేది నూనె, ద్రాక్షారసం, గాయాలు కట్టడం. కథ అక్కడితో అయిపోలేదు. గాయపడిన మనిషిని పూటకూళ్ల ఇంటికి చేర్చి, మర్నాడు అతన్ని చూసుకోమని పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక కూలీ రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. చూసుకునే మనిషికి డబ్బు ఇవ్వాలన్న తెలివి అతని కనికరంలో భాగమే.

సంఘాలు చేయగలిగిన పనులు ఉన్నాయి. ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు నర్సులు ఉంటారు. మే 12న వారిని ముందుకు పిలిచి శాలువా కప్పడంతో ఆపకుండా, వారు పనిచేసే చోట పరిస్థితి ఏమిటో కూర్చోబెట్టి వినండి. రోగి హక్కుల పత్రాన్ని తెలుగులో ఒక పేజీకి కుదించి యూత్ మీటింగులో, స్త్రీల సమాజంలో చదివి వినిపించండి. ఆస్పత్రి రికార్డులు కావాలంటే రాతపూర్వకంగా అడగమని, వైద్య మండలి నియమాల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలని చెప్పండి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో అన్యాయం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. తోడు లేని రోగుల దగ్గర వంతులవారీగా కూర్చునే ఏర్పాటు సంఘంలో చేసుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనిషి పోయిన దుఃఖంలో బంధువులు విరుచుకుపడేది చాలాసార్లు ఎదురుగా ఉన్న సిస్టర్ మీదే. ఆస్పత్రి సిబ్బంది మీద దాడికి 2008 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు ఉంది. చట్టం సంగతి అటుంచినా, నలభై మందిని ఒంటరిగా చూస్తున్న ఆ అమ్మాయి మీద చెయ్యి ఎత్తితే ఎవరికీ న్యాయం జరగదు. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా నిలబెట్టినవారు ఎవరో కనుక్కుని, ఆ ప్రశ్న సూపరింటెండెంట్‌కు, యాజమాన్యానికి, మన ఎమ్మెల్యేకు రాతపూర్వకంగా పంపాలి. ఉత్తరం మీద సంఘ పెద్దల సంతకాలతో పాటు ఆ వార్డులో పడుకుని లేచి వచ్చినవారి సంతకాలు కూడా ఉండాలి.