పిక్నిక్ అన్నదెవరండీ?

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికాలో సొంత బడి వదిలి ఒక్క సెమిస్టర్ పాటు వెళ్లి ఉండి, పనీ చదువూ నేర్చుకునే ‘సెమిస్టర్ బడుల’ మీద వ్యాసం వేశారు. నేను చదవకముందే నాకు వినిపించారు. మా గృహప్రవేశం భోజనాల దగ్గర మా మరిది ‘డాలర్లు పోసి పేడ ఎత్తించుకునే చదువు’ అన్న మీ శీర్షికను పంక్తి మొత్తానికీ వినబడేలా రెండుసార్లు చదివాడు. అలాంటి బడిలోనే ఒక సెమిస్టర్ ఉండి వచ్చిన మా మనవరాలు అప్పుడు పెరుగు వడ్డిస్తోంది. దానికి తెలుగు చదవడం రాదు గానీ, వింటే అన్నీ అర్థమవుతాయి. ఇక అక్కణ్ణుంచి అందరూ దాన్ని ఓదార్చేవాళ్లే! “ఏం తప్పు చేశావమ్మా, అక్కడ వేశారు?” అని మా వియ్యపురాలు. “మార్కులు తగ్గాయా?” అని ఆవిడ చెల్లెలు. పిల్ల గరిటె అక్కడే పెట్టి మేడ మీదికి వెళ్లిపోయింది.

ఆ బడి శిక్షా కాదు, మీ వ్యాసకర్త అన్నట్టు పిక్నిక్కూ కాదు. ఎక్కువమంది కాలేజీ సీట్లకు కీలకమైన పదకొండో తరగతిలో, దరఖాస్తు పెట్టుకుని, ఎంపికైతేనే వెళ్తారు. లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ ఉంటాయి. ఆ మార్కులు సొంత బడి లెక్కలోకి వస్తాయి. వెర్మాంట్‌లో మౌంటెన్ స్కూల్ 1984 నుంచీ నడుస్తోంది. పనీ చదువూ కలిపిన బడి కొత్తదీ కాదు, ఆస్ట్రేలియాలో టింబర్‌టాప్ 1953 నాటిది. వేన్నీళ్లు కావాలంటే అక్కడి పిల్లలు కట్టెలు కొట్టుకోవాల్సిందే. ఇప్పటి బ్రిటన్ రాజు చార్లెస్ 1966లో అక్కడే చదివారు. మా మరిది లెక్కన ఆయనా ఏదో తప్పు చేసే ఉంటారు!

ఇక వాళ్ల బడిలో మా పిల్ల తెల్లారగానే గొర్రెలకు మేత వేసి, గుడ్లు ఏరుకొచ్చాకే టిఫిను. మధ్యాహ్నం దాకా తరగతులు. ఆ తర్వాత కట్టెలు, వంట, అంట్లు, అన్నీ వంతులవారీగా. రాత్రి గదిలో పొయ్యి ఆరిపోతే అందరికీ చలే. మార్చిలో మాపుల్ చెట్ల నీరు దించి పాకం కాచారట. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే ఆ నీరు కారుతుంది. అందులో తీపి నూటికి రెండు పాళ్లే కాబట్టి, మన అనకాపల్లి బెల్లం పొయ్యిల దగ్గర లాగే గంటల తరబడి మరిగించాలి. సుమారు 40 లీటర్లు కాస్తే ఒక్క లీటరు. ‘ఇందులో చదువేముంది?’ అని అడిగారు మీ వ్యాసకర్త. ఎందుకు నలభయ్యో ఆయన్ని చెప్పమనండి చూద్దాం.

ఫీజు చాలా ఎక్కువన్నారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ చాలా బడులు స్తోమత లేనివాళ్లకు ఆర్థిక సాయం చేస్తాయి. ఆ ముక్క ఎందుకు రాయలేదు?

అన్నట్టు, ఆ వ్యాసం పేజీ తిప్పితే నిండా ఓ కాలేజీ వాళ్ల ర్యాంకుల ప్రకటన. దాని కోసమే కాబోలు పదకేళి ఎత్తేశారు. అలాంటి కాలేజీ హాస్టల్లోనే మా అక్క మనవడు ఉన్నాడు. చీకటితో లేస్తే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఆటస్థలం ఉందా అంటే, “పార్కింగ్ ఉంది అమ్మమ్మా” అన్నాడు. రెండేళ్లలో వాడు ఒక్క చెట్టెక్కలేదు, ఒక్క కంచం కడగలేదు. వాడూ ఆ పంక్తిలోనే కూర్చున్నాడు. వాణ్ణి చూసి ఒక్కరూ అయ్యో అనలేదు, సీటు ఎక్కడొస్తుందని మాత్రం అడిగారు.

ఇకమీదట ఇలాంటివి రాయించేటప్పుడు, అక్కడ ఉండి వచ్చిన పిల్లల్లో ఒక్కరినైనా అడిగి రాయించండి. దయచేసి పదకేళి కూడా మళ్లీ వేయండి.

ఇట్లు,
ఓ అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు