ఆరోగ్యము: కంటి నడుమ రంధ్రము



ఇంట వృద్ధురాలగు తల్లికో అత్తగారికో చూపు మందగించినచో, శుక్లము ముదురుచున్నదని తలచి ఊరకుండుట మనలో సామాన్యము. కాని ఎదుటివారి మొగము నడుమ మసకగా నున్నదనియు, కిటికీ చువ్వలు వంకరగా కనబడుచున్నవనియు ఆమె చెప్పినచో, ఆ మాటను త్రోసివేయరాదు.

కంటి వెనుక రెటీనా అను పలుచని పొర కలదు. అక్షరములను, ముఖములను, సూదిబెజ్జమును స్పష్టముగా చూపునది దాని నడిమి భాగమగు మాక్యులా. కంటిలో నిండియుండు విట్రియస్ అను జిగురు పదార్థము వయసుతో కుంచించుకొని మాక్యులాను లాగుటచే అచట రంధ్రము పడును. అరువదియేండ్లు దాటిన స్త్రీలకు ఈ వ్యాధి పురుషులకంటె నెక్కువగా వచ్చుచున్నది.

పూర్వము దీనికి చికిత్స లేదనుకొనిరి. అమెరికాలో కెల్లీ, వెండెల్ అను వైద్యులు విట్రియస్‌ను తొలగించి, కంటిలో వాయువును నింపు పద్ధతిని 52 నేత్రములకు చేయగా 58 శాతము రంధ్రములు మూసికొనెనని 1991లో ప్రకటించిరి. పిమ్మట, రంధ్రము చుట్టునుండు అతి సన్నని లోపొరకు రంగువేసి ఒలిచివేయు పద్ధతి వచ్చెను. దానిచే అంచులు సడలి దగ్గరకు చేరును. 400 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు, మించని రంధ్రములు ఈ విధమున నూటికి తొంబదికి పైగా మూసికొనుచున్నవి.

అంతకు పెద్దవాని విషయమున, పోలెండు దేశపు వైద్యురాలు జోఫియా మిఖలెవ్‌స్కాయు ఆమె సహచరులును 2010లో వేరొక మార్గము చూపిరి. లోపొరను పూర్తిగా తీసివేయక, రంధ్రపు అంచున కొంత నిలిపి, దానిని తిరుగవేసి రంధ్రముపై కప్పుదురు. వారి పరిశోధనలో కేవలము ఒలిచినచో 88 శాతము, ఇట్లు కప్పినచో 98 శాతము మూసికొనెను. చిన్న రంధ్రమునకు సాధారణముగా ఒలుచుటయే చాలును.

అయితే రంధ్రము మూసికొనుట వేరు, చూపు మరలుట వేరు. వ్యాధి చిన్నదిగా, క్రొత్తదిగా నున్నపుడే చూపు బాగుగా మరలును. ఆలస్యమైన కొలది ఎంత నేర్పుగల శస్త్రచికిత్సయైనను ఫలము తగ్గును.

శస్త్రచికిత్స పిదప వైద్యులు చెప్పినన్ని దినములు తల వంచి యుండవలసి రావచ్చును. ఆ దినములలో ఆమెను వంటయింటికి పిలువకుండుట ఇంటివారి ధర్మము. వాయువు కరగువరకు విమానమెక్కరాదు. ఎత్తునకు పోయినచో వాయువు వ్యాకోచించి కంటికి కీడు కలుగును. తరువాత శుక్లము త్వరగా పెరుగుటయు కద్దు. దానికి వేరుగా చికిత్స కలదు.

ఒక కన్ను బాగున్నచో రెండవదాని లోపము తెలియదు. కావున నెలకొకసారి ఒక్కొక్క కంటిని మూసి, రెండవదానితో కిటికీ చువ్వలను చూడుడు. ఇంటి పెద్దలచేతను చూపింపుడు. వంకర తోచినచో మరునాటికి వాయిదా వేయక రెటీనా వైద్యుని దర్శింపుడు.